డీ-అడిక్షన్ నుంచి ఇంటికొస్తున్న అబ్బాయితో "మళ్ళీ వాడితే" అనే మాట ఎత్తొచ్చా?

ఫీల్డ్ బ్యాగ్

నేను ఔట్‌రీచ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. సూదితో మత్తుమందు తీసుకునేవాళ్ళ దగ్గరికి సాయంత్రాలు వెళ్తాం. కొత్త సిరంజిలు ఇస్తాం, వాడినవి డబ్బాలో వేయించుకుని తెస్తాం, చేతుల మీద పుండ్లుంటే కడిగి కట్టు కడతాం, డోసు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నవాణ్ణి వెనక్కి తెచ్చే మందు నాలోక్సోన్, దాని స్ప్రే ముక్కులో ఎలా కొట్టాలో చూపిస్తాం. పని నాకు ఇష్టం. కానీ ఒక్క విషయం దగ్గర నాకు నోరు పెగలడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ముందు జరిగింది చెప్తాను. మా దగ్గరికి 26 ఏళ్ళ అబ్బాయి ఒకడు వచ్చేవాడు. ఎప్పుడొచ్చినా తనకి రెండు సిరంజిలు, పక్కవాడికి రెండు అడిగి పట్టుకెళ్ళేవాడు. "వాడు సిగ్గుపడతాడక్కా, రాడు" అనేవాడు. తనంతట తానే డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరాడు. 90 రోజులున్నాడు. బయటికొచ్చిన రోజు నేరుగా నా దగ్గరికే వచ్చాడు. కాస్త ఒళ్ళు చేశాడు, మొహంలో కళ వచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ చాపి చూపించాడు. "చూడక్కా, అన్నీ మానిపోయాయి" అన్నాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. "ఇంక ఆ వైపు చూడకురా" అన్నాను. "చూడనక్కా" అన్నాడు.

అప్పుడు నా బ్యాగ్‌లో మూడు నాలోక్సోన్ కిట్లున్నాయి. ఒకటి తీసివ్వాలని తోచింది కూడా. ఇస్తే "నువ్వు మళ్ళీ మొదలుపెడతావు" అని మొహం మీద అన్నట్టుంటుందని ఆగిపోయాను.

ఆరో రోజు రాత్రి బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని తీసుకున్నాడు. మునుపు తీసుకునేంతే తీసుకున్నాడని, ఒక్క చుక్క కూడా ఎక్కువ కాదని వాడి స్నేహితుడు తర్వాత చెప్పాడు. ఇంట్లోవాళ్ళు తలుపు పగలగొట్టేసరికి ప్రాణం పోయింది.

ఆ సెంటర్‌కి వెళ్ళి అడిగాను, పంపించేటప్పుడు ఏమైనా చెప్పారా అని. "మళ్ళీ వాడటం గురించి మేం మాట్లాడం. మాట్లాడితే మనమే దారి చూపించినట్టవుతుంది" అన్నారు. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ సరిగ్గా లేదు.

ఇప్పుడు ఇంకో అబ్బాయి వచ్చే వారం బయటికొస్తున్నాడు. 23 ఏళ్ళు. వాళ్ళమ్మకి నేనంటే గౌరవం. మొన్న ఫోన్ చేసి, "అమ్మా, శుభమా అని ఇంటికొస్తున్నాడు. ఆ పాత మాటలేవీ ఎత్తొద్దు, నీకు దణ్ణం పెడతాను" అంది. సరేనన్నాను. అన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

చెప్పాలా, వద్దా? చెప్తే ఏ మాటలతో చెప్పాలి? ఆ తల్లిని కాదని చెప్పే హక్కు నాకుందా? ఈ పనిలో ముందు నుంచీ ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

నడక

చెల్లీ, ముందు ఒక మాట. చెయ్యి బ్యాగ్ దాకా వెళ్ళి ఆగిపోయిన ఆ క్షణం నాకు బాగా తెలుసు. ఈ పనిలో నాకు 17 ఏళ్ళు. మొదటి మూడేళ్ళు నేనూ అలాగే ఆగాను. ఎదుటివాడి మొహంలో వెలుగు చూసి, దాన్ని మనమెందుకు ఆర్పడం అని ఆగుతాం. అది ప్రేమే. మొదటి వారాలు ఎంత ప్రమాదమో నీకు ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళు ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఆ బరువంతా నీ ఒక్కదాని మీదే వేసుకోకు.

నీ ప్రశ్నకి నా జవాబు: చెప్పాలి. వీలైతే గేటు దాటకముందే చెప్పాలి.

ఎందుకో శరీరం వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ఆ అబ్బాయితో నువ్వు మొదలుపెట్టాల్సింది కూడా ఇక్కణ్ణుంచే. హెరాయిన్ కానీ, ఫెంటానిల్ కానీ, ఘాటైన నొప్పి మాత్రలు కానీ, ఓపియాయిడ్ ఏదైనా మెదడులో ఊపిరిని నడిపించే చోటుని జోకొడుతుంది. రోజూ తీసుకునేవాడి శరీరం దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుంది. దాన్నే టాలరెన్స్ అంటాం. ఆపేశాక ఆ తట్టుకునే శక్తి రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. 90 రోజులయ్యాక పాత డోసుని అది తట్టుకోలేదు. చేతికి మాత్రం పాత కొలతే గుర్తుంటుంది. మీ అబ్బాయి అత్యాశకి పోలేదు చెల్లీ. ఎప్పుడూ తీసుకునేంతే తీసుకున్నాడు. అది ఆ రోజుకి వాడి ఒంటికి చాలా ఎక్కువైంది.

నాకు ఈ విషయం అర్థమైంది ఒక చిన్న అధ్యయనం గురించి విన్నాక. లండన్‌లో ఆసుపత్రిలో ఉండి మాన్పించుకున్న 137 మందిని తర్వాత ఏడాది వరకు గమనించారు. 2003లో అచ్చయింది. అందులో ముగ్గురు ఓవర్‌డోస్‌తో పోయారు, అదీ నాలుగు నెలల్లోపే. ఆ ముగ్గురూ చికిత్స పూర్తి చేసి, టాలరెన్స్ పోయాక బయటికొచ్చినవాళ్ళే. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళలో అలా పోయినవాళ్ళు లేరు. అది వినగానే నా దగ్గర పోయినవాళ్ళందరి మొహాలూ కళ్ళ ముందు కదిలాయి. మనం చప్పట్లు కొట్టి పంపినవాళ్ళే ఎక్కువ. జైలు నుంచి వచ్చేవాళ్ళకీ ఇంతే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30 వేల మందికి పైగా ఖైదీల లెక్కలు తీసి 2007లో ప్రచురించారు. మొదటి రెండు వారాల్లో వాళ్ళకి ఓవర్‌డోస్ చావు ముప్పు మిగతా జనం కంటే 129 రెట్లు ఉంది. నూట ఇరవై తొమ్మిది. ఆ సంఖ్య మన సెంటర్ల గోడల మీద రాసి పెట్టాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ఇక ఏ మాటలతో అన్నావు. నేను చెప్పే పద్ధతి చెప్తాను, నీ నోటికి తగ్గట్టు మార్చుకో.

ముందు వాణ్ణి మాట్లాడనివ్వు. లోపల ఎలా గడిచిందో, ఏ రోజు కష్టమైందో చెప్పనివ్వు. వాడు సాధించింది చిన్న విషయం కాదు, దాన్ని మనసారా మెచ్చుకో. ఆ తర్వాత, "నీ ఒంటి గురించి ఒక ముఖ్యమైన విషయం ఉంది, చెప్పనా?" అని అడుగు. అడిగి చెప్తే వింటారు. "నీ ఒళ్ళు ఇప్పుడు కొత్త ఒళ్ళురా. మూడు నెలల కిందటి డోసు ఇప్పుడు నీ ఊపిరి ఆపేస్తుంది. నువ్వు వాడతావని కాదు నేను చెప్పేది. ఇది తెలియక పోయినవాళ్ళని చూశాను కాబట్టి చెప్తున్నాను." ఇంతే. గొంతు మామూలుగా ఉండాలి. షుగర్ ఉన్నవాడికి ఇన్సులిన్ గురించి చెప్పేటప్పుడు మనం గొంతు తగ్గించం కదా.

వాడు తల దించుకుంటాడు. దించుకోనివ్వు. కాసేపు ఆగి మిగతాది చెప్పు. ఎప్పుడైనా జారితే పాత కొలతలో నాలుగో వంతు కూడా క్షేమమని నమ్మొద్దు. బయట దొరికే సరుకులో ఏం కలిసిందో అమ్మేవాడికే తెలియదు. ఫెంటానిల్ ఒక్కటే హెరాయిన్‌కి సుమారు 50 రెట్లు ఘాటు. మద్యంతో, నిద్రమాత్రలతో కలిపితే ఊపిరిని రెండు వైపుల నుంచీ నొక్కినట్టే. అన్నిటికంటే ముఖ్యం, ఒంటరిగా వద్దు, తలుపు గడియ పెట్టుకుని అసలు వద్దు. నాలోక్సోన్ ఎవరూ తనంతట తాను కొట్టుకోలేరు. పక్కన ఇంకో మనిషి ఉంటేనే అది మందు.

కిట్ ఇవ్వడానికి సంకోచం వస్తే నేను చేసేది చెప్తాను. "నీ స్నేహితులు ఇంకా వాడుతున్నారు, నీకు తెలుసు. ఏ రాత్రో నీకు ఫోన్ వస్తుంది. అప్పుడు నీ చేతిలో ఇది ఉండాలి" అంటాను. ఇదేదో తెలివిగా చుట్టూ తిప్పి చెప్పడం కాదు, నూటికి నూరు పాళ్ళు నిజం. ఓవర్‌డోస్ పడినవాడి పక్కన సాధారణంగా ఉండేది ఇంకో వాడేవాడో, మానేసినవాడో. వాడు కిట్ తీసుకుని నిటారుగా నిలబడతాడు. రోగిలా కాదు, కాపాడేవాడిలా తీసుకుంటాడు. మీ పాత అబ్బాయి పక్కవాడి కోసం సిరంజిలు అడిగేవాడన్నావు. వాళ్ళలో ఆ గుణం ఉంటుంది, దాన్ని నమ్ము.

తల్లి సంగతి. ఆమెకి తెలియకుండా మాత్రం చెప్పొద్దు. ఆ ఇంట్లో అర్ధరాత్రి తలుపు కొట్టాల్సింది ఆమే. ముందు ఆమె దగ్గరే కూర్చో. ఆమెకి భయం లేదని నువ్వనుకుంటున్నావేమో. భయం ఉండబట్టే ఆ మాట ఎత్తొద్దంటోంది.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. బయటికి రాకముందే డాక్టర్‌ని బ్యూప్రెనార్ఫిన్ గురించో, మెథడోన్ గురించో అడిగించు. ఇవీ ఓపియాయిడ్లే, కానీ పాత మత్తు మీద కోరికని అదుపులో ఉంచడానికి డాక్టర్ కొలిచి ఇచ్చే మందులు. వీటి మీద ఉన్నంతకాలం చావు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. 2005 నుంచి ఈ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టడం" అని కొట్టిపారేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒంట్లో మందు లేకుండా, చేతిలో కిట్ లేకుండా ఉత్త చేతులతో పంపేసి, తర్వాత దండలు వేయడం మనకి అలవాటైపోయింది.

నా నోట్‌బుక్ చివరి పేజీలో ఎవరు ఎప్పుడు లోపలికెళ్ళారో, ఎప్పుడు బయటికొస్తారో రాసుకుంటాను. పేర్లు రాయను, తేదీలు, ఒక అక్షరం గుర్తు, అంతే. ఆ తేదీకి రెండు రోజుల ముందు ఎక్కడున్నా వెళ్తాను. బయటికొచ్చిన మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు ఫోన్ చేస్తాను. నువ్వూ రాసుకో.

నాలుగో ఏడు

నేను వాడి మానేసినవాణ్ణి. నాలుగో ఏడు నడుస్తోంది. నా వైపు నుంచి రెండు మాటలు.

సెంటర్ నుంచి వచ్చిన తొమ్మిదో రోజున నేను మళ్ళీ తీసుకున్నాను. కోరిక ఎంతుందో దానికంటే సిగ్గు ఎక్కువుంది. అప్పటికి మా ఇంట్లో అందరూ బంధువులకి ఫోన్లు చేసి మావాడు బాగైపోయాడని చెప్పేశారు. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని టీవీ చూస్తున్నాడు, అలా ఎన్నేళ్ళకి కూర్చున్నాడో. అంత ఆనందంలో ఉన్న మనుషులకి "నాకు ఇవాళ కష్టంగా ఉంది" అని ఎలా చెప్తాం? చెప్పలేం. దాక్కుంటాం. పొగడ్తలు ఎక్కువయ్యే కొద్దీ ఇంకా లోపలి గదిలోకి వెళ్ళి దాక్కుంటాం.

నన్ను బతికించింది ఒక ఔట్‌రీచ్ అన్న చెప్పిన మాట. నేను బయటికొచ్చాక కలిసి, "జారితే జారావు గానీ తలుపు మాత్రం గడియ పెట్టుకోకు తమ్ముడూ" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది అప్పుడు, ఈయన నన్ను నమ్మట్లేదని. కానీ ఆ తొమ్మిదో రోజు రాత్రి గడియ మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. చెయ్యి తీసేశాను. తలుపు ఓరగా ఉంది కాబట్టే మా చెల్లెలు లోపలికి రాగలిగింది.

కాబట్టి ఫీల్డ్ బ్యాగ్ గారూ, చెప్పండి. కోపం వచ్చినా పర్లేదు. మాట లోపల ఉండిపోతుంది.

ఒక అక్క

చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. మా తమ్ముడు ఇప్పుడు సెంటర్‌లో ఉన్నాడు. నడక గారూ, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, అర్థం చేసుకోవాలని అడుగుతున్నాను. ఇంట్లో ఆ స్ప్రే పెడితే, "పర్లేదు, ఏమన్నా అయితే ఇది ఉందిగా" అని వాడికి ధైర్యం వచ్చేయదా? మేమే ఒప్పుకున్నట్టు కాదా?

నడక

అమ్మా, ఈ ప్రశ్న అడిగినందుకు నమస్కారం. మనసులో పెట్టుకుని కుమిలిపోయేవాళ్ళే ఎక్కువ.

నాలోక్సోన్ 1971 నుంచీ ఆసుపత్రుల్లో ఉంది. ఆసుపత్రి దాకా చేరనివాళ్ళకి దానివల్ల ఏం లాభం? 1996లో షికాగోలో ఔట్‌రీచ్ చేసేవాళ్ళు దాన్ని నేరుగా వాడేవాళ్ళ చేతికే ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ మీకొచ్చిన అనుమానమే వినిపిస్తూనే ఉంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, ఓవర్‌డోస్ కళ్ళ ముందు జరిగే అవకాశం ఉన్న ఎవరికైనా, అంటే ఇంట్లోవాళ్ళకి కూడా, ఇది అందుబాటులో ఉండాలని. స్కాట్లండ్‌లో 2011 నుంచి దేశమంతా జైలు నుంచి బయటికెళ్ళేవాళ్ళ చేతిలో కిట్ పెట్టి పంపారు. అంతకుముందు అక్కడి ఓపియాయిడ్ మరణాల్లో 100కి దాదాపు 10 విడుదలైన నాలుగు వారాల్లో జరిగేవి. కిట్లు ఇచ్చిన మూడేళ్ళలో అవి 6 దగ్గరికి దిగాయి.

ఇంకో సంగతి మీకు బయట తెలియదు. వాడేవాడికి నాలోక్సోన్ అంటే ఇష్టం ఉండదు. అది మత్తుని ఒక్కసారిగా లాగేస్తుంది. వణుకు, వాంతులు, ఒళ్ళంతా పీకుడు, నిప్పుల మీద కూర్చోబెట్టినట్టుంటుంది. అది ఉంది కదా అని ధీమాగా తీసుకునేవాణ్ణి నేను ఇన్నేళ్ళలో చూడలేదు. మీరు ఒప్పుకుంటున్నది మీ తమ్ముడు బతికుండటానికి. వాడికి ఆ మాట అలాగే చెప్పండి: "నువ్వు జారినా నాకు బతికి కావాలి" అని.

రాత్రి డ్యూటీ

ఎమర్జెన్సీలో నర్సుని. ఆ తల్లికి నేర్పేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను, ఎందుకంటే ఇంటి నుంచి మా దాకా వచ్చేవాళ్ళలో ఎక్కువమంది విషయంలో ఒకే పొరపాటు చూస్తాను. నిద్రపోతున్నాడనుకుని వదిలేస్తారు.

అది నిద్ర గురకలా ఉండదు. గొంతులో నీళ్ళు గుడగుడలాడినట్టు, మధ్యమధ్యలో ఆగి ఆగి వస్తుంది. ఆ శబ్దం విన్నారంటే ఊపిరి కోసం శరీరం చేస్తున్న ఆఖరి ప్రయత్నం వింటున్నట్టు. వెంటనే లేపి చూడాలి. పేరు పెట్టి గట్టిగా పిలవాలి, పిడికిలి కణుపులతో ఛాతీ మధ్య ఎముక మీద గట్టిగా రుద్దాలి. లేవకపోతే ఇంక ఆలోచన వద్దు. పెదవులు నీలంగా మారతాయని పుస్తకాల్లో ఉంటుంది. చామనఛాయ, నల్లని ఒంటి మీద అది తెలియదు. పెదవి లోపలి వైపు, గోళ్ళు చూడండి, బూడిద రంగులోకి వస్తాయి. కంటిపాప సూదిమొన అంత అయిపోతుంది.

అంబులెన్స్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. స్ప్రే మొన ఒక ముక్కు రంధ్రంలోకి పూర్తిగా పెట్టి నొక్కేయాలి. పని చేస్తుందో లేదో అని ముందు గాల్లోకి నొక్కి చూడకూడదు. అందులో ఉండేది ఒక్క డోసే, గాల్లోకి పోతే పోయినట్టే. ఇది తప్పకుండా చెప్పండి, కంగారులో చాలామంది ఇదే చేస్తారు. తర్వాత తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో ఐదు సెకన్లకి ఒక ఊపిరి ఇవ్వాలి. స్ప్రే పని మొదలుపెట్టేలోపు వాణ్ణి బతికించేది ఆ ఊపిరే. రెండు మూడు నిమిషాల్లో తనంతట తాను ఊపిరి తీసుకోకపోతే రెండో స్ప్రే. మనకి కావాల్సింది ఊపిరి, లేచి కూర్చుని మాట్లాడక్కర్లేదు. ఊపిరి బాగా ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకి అడ్డం పడకుండా.

నిద్రమాత్రల మీద, మద్యం మీద నాలోక్సోన్ పని చేయదు. అయినా ఇవ్వాలి, ఎందుకంటే వాటితో పాటు ఓపియాయిడ్ ఉందో లేదో ఆ క్షణంలో ఎవరికీ తెలియదు, లేకపోతే దానివల్ల నష్టం లేదు. మొహాన చన్నీళ్ళు కొట్టడం, చెంపలు వాయించడం, ఉప్పునీళ్ళు ఎక్కించడం... ఇవన్నీ సమయం తినేసేవి.

ఇక అందరూ ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయే సమయం అసలు ప్రమాదం. నాలోక్సోన్ 30 నుంచి 90 నిమిషాలే పని చేస్తుంది. ఒంట్లో మత్తుమందు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు, మెథడోన్ లాంటిదైతే మరీ. లేచి, తిట్టి, "నాకేం కాలేదు" అని వెళ్ళి పడుకుని, గంటన్నర తర్వాత మళ్ళీ ఊపిరి ఆగినవాళ్ళని నేను చూశాను. ఆసుపత్రికి రానంటే కనీసం రెండు గంటలు, వీలైతే ఇంకా ఎక్కువసేపు, పక్కనే కూర్చోవాలి. ఒళ్ళు పీకుతోందని మళ్ళీ తీసుకోనివ్వకూడదు. ఆ సమయంలో తీసుకున్నది అప్పుడు తెలియదు, స్ప్రే దిగిపోగానే రెండూ కలిసి మీద పడతాయి.

ఫీల్డ్ బ్యాగ్

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళు రాయలేకపోయాను. జరిగింది చెప్తాను.

నడక అన్నా, మీరన్నట్టు ముందు అమ్మ దగ్గరికే వెళ్ళాను. అబ్బాయి రావడానికి మూడు రోజుల ముందు. పోయిన అబ్బాయి గురించి చెప్పాను, ఎవరో చెప్పకుండా. కిట్ ఇవ్వకుండా ఆగిపోయానని కూడా చెప్పాను. ఆవిడ వింటూ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. ఇంక లేచి వచ్చేద్దామనుకుంటుండగా, "నిద్రలో గురకకీ దానికీ తేడా ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగింది. రాత్రి డ్యూటీ గారు రాసింది అలాగే చెప్పాను, గొంతులో నీళ్ళు గుడగుడలాడినట్టని. ఆవిడ మొహం పాలిపోయింది.

వాడు సెంటర్‌కి వెళ్ళకముందు ఒక రాత్రి ఆ శబ్దం విందట. ఎన్నాళ్ళకో వీడికి గాఢంగా నిద్ర పట్టిందని సంతోషపడి, దుప్పటి కప్పి, లైటు ఆర్పి వచ్చేసిందట. ఆ రాత్రి వాడు ఎలా బతికాడో ఆ దేవుడికే తెలియాలి. "నేనే దుప్పటి కప్పానమ్మా" అని ఒకటే మాట చాలాసేపు అంటూ ఉంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చెప్పడానికి నాకేం తోచలేదు.

తర్వాత ఆవిడే, "అదేదో చూపించు" అంది. గడువు తీరిన స్ప్రే ఒకటి నేర్పడానికని నా దగ్గర ఉంటుంది. దిండు నిలబెట్టి, మధ్యలో నొక్కి ముక్కులా చేసి నేర్పాను. మొదటిసారి వేలు జారింది. రెండోసారి ముందే గాల్లోకి నొక్కబోయింది, చెయ్యి పట్టుకుని ఆపాను. మూడోసారి సరిగ్గా పెట్టింది. పెట్టి, నేను చెప్పకుండానే, దిండు మీదకి వంగి ఐదు అంకెలు లెక్కపెట్టి ఊపిరి ఊదింది. అది చూడగానే నేను ఏడ్చేశాను, ఆవిడ ఏడవలేదు.

బ్యూప్రెనార్ఫిన్ గురించి ఆవిడే సెంటర్ డాక్టర్‌తో మాట్లాడింది. మొదట కాదన్నారట. ఆవిడ కూర్చున్న చోటి నుంచి లేవలేదట. వేరే డాక్టర్ దగ్గరికి చీటీ రాసిచ్చారు, అక్కడ తక్కువ డోసుతో మొదలుపెట్టారు.

అబ్బాయికి చెప్పాల్సిన మాట నేను చెప్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. వాడు ఇంటికొచ్చిన రోజు సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే చెప్పింది. "నీ ఒళ్ళు కొత్తదయింది నాన్నా. పాతది దీనికి పడదు. ఏమన్నా అయితే నన్ను పిలువు, నేను తిట్టను" అంది. వాడు తల దించుకున్నాడు. కోపమో ఏమో తెలియలేదు. కాసేపయ్యాక లేచి బాత్‌రూమ్ తలుపు దగ్గరికి వెళ్ళి చూశాడు. లోపలి గడియ అప్పటికే లేదు. ముందు రోజే ఆవిడ స్క్రూలు విప్పి తీసేసింది. ఆ నాలుగు రంధ్రాల మీద వేలు పెట్టి నిమిరి, ఏమీ అనకుండా వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు.

ఇవాళ్టికి 11 రోజులు. రోజు విడిచి రోజు ఫోన్ చేస్తున్నాను, నోట్‌బుక్ చివరి పేజీలో తేదీలు రాసుకున్నాను. ఇవాళ పొద్దున మాత్రం ఫోన్ వాడే చేశాడు. "అక్కా, ఇంకో కిట్ కావాలి. ఉన్నది పక్కవాడికి ఇచ్చేశాను, వాడు సిగ్గుపడతాడు, మీ దగ్గరికి రాడు" అన్నాడు.

సాయంత్రం రెండు పట్టుకెళ్తున్నాను.